హుడ్ ముందు మాట్లాడరాదు

మా ఇంట్లో బర్రెతో మాట్లాడకుండా పాలు పిండరు. ఇది మొక్కు కాదు, మూఢనమ్మకమూ కాదు, పని. గౌలిపురలో మా ఇంటి వెనక కొట్టంలో, తెల్లవారుతుండగా బాపు పొదుగు కింద బకెట్ పెట్టుకుని కూర్చుని ముందు ఒక మాట వేస్తాడు. "ఇయ్యమ్మా, ఇయ్యి తల్లీ. పొద్దుగాల్నే అలుగుడేంది?" అంటాడు. అలా రెండు నిమిషాలు ముచ్చట పెడితే బర్రె చేపుతుంది, పాలు పొదుగులోకి దిగుతాయి. మాట్లాడకపోతే బిగబట్టుకుని నిలబడుతుంది, పైగా తోకతో మొహం మీద ఒకటి ఇస్తుంది. ప్రాణమున్న దానికి తిండి పెట్టినా, దాని దగ్గర ఏదైనా తీసుకున్నా, నోరు విప్పి నాలుగు మాటలనాలి. మూగగా చేసేది దొంగపని అనేది మా నాయనమ్మ. నాకు ఏడేళ్లకే ఈ పాఠం వచ్చింది.

దానికి తోడు నేను నోట్లో నువ్వుగింజ నానని మనిషిని. బడిలో టీచర్లు నన్ను ఎప్పుడూ చివరి బెంచీలో గోడవైపు కూర్చోబెట్టేవారు. నేను గోడతో మాట్లాడేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని చెప్పిన పెద్దమనిషి ఎవరో నా నోటిని చూసి ఉండడు. ఈ నోటితో నేను చేసిన పని గురించే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఇంటి నుంచి పావుగంట నడిస్తే, యాకుత్‌పురా స్టేషన్‌కు ఈవల ఒక పాత దేవిడీ భవంతి ఉంది. ఎవరో నవాబుగారి వంశంవాళ్లది. దాన్ని బాగుచేసి వైద్య పరిశోధనకు క్యాంపస్‌గా మార్చారు. డాక్టర్లు, మందులు తయారుచేసే కెమిస్ట్రీవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు కట్టేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆరునెలలకో ఏడాదికో వచ్చి, పైన గదుల్లో ఉంటూ కింద ల్యాబుల్లో కలిసి పనిచేస్తారు. గల్లీలో దీన్ని ఎవరూ క్యాంపస్ అనరు. ఖూన్‌వాలా బంగ్లా అంటారు. లోపలికి పిలిచి రక్తం తీస్తారని కమాను దగ్గరకు రాగానే పిల్లలు పరుగందుకునేవారు. చిన్నప్పుడు అక్కడింకా తుప్పుపట్టిన గేటు మాత్రమే ఉండేది, అప్పుడూ పరుగెత్తేవాళ్లం, కాకపోతే దయ్యాల భయానికి.

డిగ్రీ మైక్రోబయాలజీ అయ్యాక నాకు అక్కడ టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. మనుషుల కణాలను ఫ్లాస్కుల్లో పెంచడం నా పని. కణాలకు ఆదివారం తెలియదు, బోనాలు తెలియవు, రంజాను తెలియదు. రెండు రోజులకోసారి తిండి మార్చకపోతే చస్తాయి. అందుకని ఇల్లు పావుగంట దూరంలోనే ఉన్నా నాకు కూడా పైన ఒక చిన్న గది ఇచ్చారు.

క్యాంపస్‌ను నడిపే మేడమ్ గోదావరి వైపు మనిషి. ఆవిడకు కొన్ని పట్టుదలలు ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం అందరూ ఒకే పొడుగు బల్ల దగ్గర తినాలి, తన ల్యాబువాళ్ల పక్కన ఎవరూ కూర్చోకూడదు. కణాలను వెచ్చగా ఉంచే పెట్టె, ఇంక్యుబేటర్ అంటాం, అది కూడా అన్ని బృందాలకూ కలిపి ఒక్కటే. "వేరు కుంపట్లు పెట్టుకునేదానికి ఇంతదూరం రావడం ఎందుకండీ?" అనేవారు. ఒకరి కణాలు ఎలా ఉన్నాయో ఇంకొకరి కంట పడుతూ ఉంటేనే కలిసి పనిచేసినట్టని ఆవిడ నమ్మకం. నాకూ అది బాగానే తోచింది.

శుక్రవారం భోజనాల దగ్గర ఒక ఆనవాయితీ. ఆ వారం తప్పు చేసినవాళ్లు లేచి నిలబడి తమ తప్పు చెప్పాలి. తిట్టడం ఉండదు. చెప్పినవాళ్లకే ఆ రోజు డబుల్ కా మీఠా మొదట వడ్డిస్తారు. ఒక పెద్ద డాక్టరుగారు రెండు ట్యూబులు తారుమారు చేసి నెల రోజుల పని పాడుచేసుకున్న వైనమంతా చెప్పి, ఏ సిగ్గూ లేకుండా రెండు గిన్నెల మీఠా తిన్నాడు. నేనూ చిన్నాచితకా తప్పులు చాలానే చెప్పాను. మీఠా కోసమే తప్పులు చేస్తున్నానని చాచా ఎగతాళి చేసేవాడు.

చాచా అంటే నాకు పని నేర్పిన పెద్ద టెక్నీషియన్. యాకుత్‌పురాలోనే పుట్టి పెరిగాడు. వాళ్ల నాన్న జరీపని చేసేవాడట. ఆ చేతివాటం ఈయనకు వచ్చింది, పిపెట్ పట్టుకుంటే కొసన చుక్క కూడా వణకదు. మొదటి రోజు నన్ను హుడ్ ముందు కూర్చోబెట్టాడు. హుడ్ అంటే ముందు అద్దం ఉన్న పెద్ద అలమర లాంటిది, అందులో వడగట్టిన శుభ్రమైన గాలి వస్తూ ఉంటుంది. కణాల ఫ్లాస్కుల మూతలు అందులోనే తెరవాలి.

"దేఖో బేటీ, ఈడ మూడే ఉసూల్‌లు," అన్నాడు. "చేతులు సాఫ్. మాస్కు మూతికి, గడ్డానికి గాదు. నోరు బంద్. నీ నోట్ల ఏమేం పురుగులుంటయో నీకు తెల్వది. ఒక్క మాటతోని అన్నీ ఫ్లాస్కుల వడ్తయ్."

"నోరు బంద్ పెట్టి నేనెట్ల బతుకుత చాచా?"

"బయటికొచ్చి బతుకు. హుడ్ ముందు మాత్రం చచ్చినట్టుండు."

ఇక మా తమ్ముడు. వాడికి కండరాలు కరిగిపోయే జబ్బు. చిన్నప్పుడు పిక్కలు లావుగా ఉంటే పహిల్వాన్ అవుతాడని గల్లీ అంతా మురిసింది. ఆ లావే జబ్బు అని తర్వాత తెలిసింది. పదేళ్లకు మెట్లు ఎక్కలేకపోయాడు, పన్నెండేళ్లకు చక్రాల కుర్చీలోకి వచ్చాడు. వాడికి నాలుగేళ్లప్పుడే అమ్మ పోయింది, అప్పటి నుంచి చంకన వేసుకుని తిరిగింది నేనే. బరువు పెరిగాక కూడా నేనే ఎత్తేదాన్ని. నా నడుం నొప్పికి వాడు తన పేరు పెట్టుకున్నాడు. వాన పడే ముందు నేను మూలిగితే, "అక్కా, నేను యాదికొచ్చిన్నా?" అనేవాడు.

కాళ్లూ చేతులూ పోయినా వాడి నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. పొద్దునపూట ఇంటి ముందు కుర్చీలో కూర్చుని పాలకు వచ్చిన ప్రతివాళ్లతో ముచ్చట. మొదట్లో లీటరు కొలతతో తనే పోసేవాడు. చెయ్యి లేవనప్పటి నుంచి బాపుకు చెప్పి పోయించేవాడు. "బాపు, ఆమె ఇంట్ల సుట్టాలు దిగిన్రు, ఇంకో గిలాస పొయ్యి. గా తాతకు పాలు సల్లగైనంక ఇయ్యకు, దగ్గుతడు." గల్లీలో ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే వాడినే అడగాలి.

మా క్యాంపస్‌లో ఒక బృందం సరిగ్గా ఈ జబ్బు మీదే పని మొదలుపెట్టింది. జబ్బు ఉన్నవాళ్ల తొడలోంచి చిన్న ముక్క తీసి, కండరకణాలు పెంచి, కెమిస్ట్రీవాళ్లు తయారుచేసిన మందులు వాటి మీద వేసి చూస్తారు. ముగ్గురు పిల్లలు ఇచ్చారు. నాలుగోవాడు మా తమ్ముడు. నేను అడగడానికి మొహమాటపడుతుంటే తనే ఎగిరాడు. గుంతల గల్లీల్లో కుర్చీ తోసుకుంటూ తీసుకువెళ్లాను. డాక్టరు లావుపాటి సూది దించుతుంటే వాడు పళ్లు బిగించి, "అక్కా, నల్లి బొక్క కాడి ముక్క మంచిగుంటదని చెప్పు సార్‌కు," అన్నాడు. డాక్టరుకు సగమే అర్థమై, అయినా నవ్వాడు.

మూడు వారాల తర్వాత చాచా వాణ్ణి మళ్లీ పిలిపించి, వాడి కణాలను తెర మీద చూపించాడు. సన్నగా, పొడుగ్గా, వాననీళ్లలో చేపపిల్లల్లా ఉన్నాయి.

"గివి నేనేనా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వే."

"ఏం తింటయ్?"

"గులాబీ రంగు నీళ్లు. రెండొద్దులకోసారి నేనే మారుస్త."

"మారుస్తవు సరే, ముచ్చట వెడ్తున్నవా మరి? ఉత్తగనే పోస్తే ఫికర్ పడ్తయ్ అక్కా. మన బర్రెలెక్కనే గద."

చాచా రెండు చేతులూ జోడించాడు. "అరే బాబూ, ఏమన్న చెప్పు గనీ అది మాత్రం చెప్పకు మీ అక్కకు." ముగ్గురం పడీపడీ నవ్వాం. ఇంటికి వెళ్లే దారిలో వాడికి మిర్చీబజ్జీ తినిపించాను, కారం ఎక్కువైందని లొల్లి పెట్టాడు.

తర్వాతి చలికాలం వాడికి జలుబు చేసింది. ఊపిరితిత్తులకు దిగింది. ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నాడు, నాలుగో రోజు లేడు. ఇరవై రెండేళ్లు. దీని గురించి ఇంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాదు, చాలాసార్లు ప్రయత్నించి చూశాను.

పదకొండు రోజులు గడిచాక పనికి వచ్చాను. అన్నాళ్లూ వాడి కణాలకు చాచా తిండి పెట్టాడు. "మస్తు పెరిగినయ్, చూసుకో," అని నన్ను ఒంటరిగా వదిలి నమాజుకు వెళ్లాడు. ఇంక్యుబేటర్ తలుపు తీస్తే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. ఫ్లాస్కు మీద వాడి పేరు లేదు, పేరు రాయకూడదు, అంకె ఉంది. హుడ్‌లో పెట్టి మూత తిప్పాను. గులాబీ నీళ్లు చేతిలో పట్టుకున్నాను. అప్పటికి పదకొండు రోజులుగా నేను వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాడు పుట్టాక అంత కాలం ఎప్పుడూ లేదు. మాస్కులోంచి వస్తే నా గొంతు వాడికి కొత్తగా ఉంటుందేమో అనిపించింది. చదువుకున్నదాన్నే, కణాలకు చెవులుండవని నాకు తెలుసు. మాస్కు గడ్డం కిందికి లాగాను.

"తాగు తమ్మీ, తాగు," అన్నాను.

ఆ రోజు నుంచి అలవాటైపోయింది. రెండు రోజులకోసారి, చాచా నమాజుకు వెళ్లే వేళ చూసుకుని, మాస్కు దించి, మూత తెరిచి, ముచ్చట. బాపు మోకాళ్ల నొప్పి, వంకరకొమ్ము బర్రె ఈనడం, దగ్గే తాత మూడోసారి హజ్ కథ చెప్పడం, పైన గదుల్లో ఎవరికి ఎవరితో పడటం లేదో. చివరికి ఎప్పుడూ "తాగు తమ్మీ". చాచా లేనప్పుడే చేశానంటే తప్పని నాకు తెలుసన్నమాట. తెలియక చేశానని ఇంతవరకూ ఎవరి దగ్గరా చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఆదివారం సాయంత్రాలు ఇంటికి వెళితే బాపు గడ్డి వేస్తూ అడిగేవాడు. "పోరడు మంచిగున్నడా?"

"మంచిగున్నడు బాపు. ఫ్లాస్కు నిండిండు, రెండింట్ల వోసిన."

బాపు తల ఊపేవాడు. వీధిలో ఎవరైనా కొడుకు గురించి జాలిగా మాట్లాడితే, "లేడని ఎవరన్నరు? ఖూన్‌వాలా బంగ్లాల ఉన్నడు, అక్క సూసుకుంటది," అనేవాడట. పిచ్చెక్కిందని వాళ్లు నాతో చెప్పారు. నేను వాళ్ల మీద కస్సుమన్నాను.

కండరకణాలు బాగా పెరిగాక ఒకదానితో ఒకటి కలిసి పోగుల్లా అవుతాయి. తమ్ముడి కణాల్లో అలా పోగులు కట్టడం కష్టంగా జరిగేది. కెమిస్ట్రీవాళ్ల మందుల్లో ఒకటి వేశాక పోగులు ముందుకంటే దట్టంగా వచ్చాయి. ఒక మధ్యాహ్నం మైక్రోస్కోప్‌లో చూస్తుంటే అందులో ఒక పోగు కదిలింది. మళ్లీ కదిలింది. పిచ్చుక గొంతులా కొట్టుకుంటోంది. కండరకణాలు ఒక్కోసారి వాటంతటవే అలా కదులుతాయని పుస్తకంలో చదివాను. అయినా నాకు ఒళ్లు తెలియలేదు. మొహం మీద ఈగ వాలితే తోలుకోలేక నన్ను కేకేసినవాడు కదులుతున్నాడు. గట్టిగా అరిస్తే బల్ల దగ్గరవాళ్లంతా చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు చూశారు.

ఫోన్‌లో వీడియో తీసి బాపుకు చూపించాను. కంటికి ఆనించుకుని పదిసార్లు చూశాడు. "గిది ఏ చెయ్యి?" అని అడిగాడు.

"తొడ కండ బాపు."

"అయితే కాలు. నడుస్తున్నడు," అన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు కణాలు మందగించాయి. ఫ్లాస్కు నిండడానికి నాలుగు రోజులు పట్టేది ఎనిమిది పట్టసాగింది. కణాలకూ వయసైపోతుంది, అదే అనుకున్నాను. ఎక్కువసేపు ముచ్చట పెట్టడం మొదలుపెట్టాను. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను లెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే కేరళ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, తన కణాలను తెచ్చుకుని మా ఇంక్యుబేటర్‌లోనే పెట్టింది. నెల తిరగకుండానే అవీ మందగించాయి. ఆ అమ్మాయి ఊరుకోకుండా పరీక్ష పెట్టించింది. ఇంక్యుబేటర్ నిండా మైకోప్లాస్మా అని తేలింది. ఇది చాలా చిన్న పురుగు. మామూలు పురుగు పడితే మీడియం, అంటే ఆ గులాబీ నీళ్లు, పాలు విరిగినట్టు మసకబారి తెలిసిపోతుంది. ఇది పడితే ఏమీ తెలియదు. మామూలు మైక్రోస్కోప్‌కు కనబడదు, మేం రోజూ వాడే మందులకు చావదు. కణాల తిండి తింటూ పక్కనే కాపురం ఉంటుంది. ఒక ఫ్లాస్కులోంచి ఇంకో ఫ్లాస్కులోకి నడిచిపోతుంది.

కొత్తగా వచ్చింది ఆ అమ్మాయే కాబట్టి అనుమానం ఆమె మీదకు పోయింది. ఎవరూ నోరు తెరిచి అనలేదు. కానీ బల్ల దగ్గర ఆమె పక్క కుర్చీలు ఖాళీగా ఉండేవి. మంగళవారం ఆమె మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో వాళ్లమ్మతో మలయాళంలో మాట్లాడుతూ ఏడుస్తోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంతా అర్థమైంది. నేను నీళ్ల సీసా పట్టుకుని ఆమె పక్క నుంచే పైకి వెళ్లిపోయాను. గోడతో మాట్లాడే మనిషిని, నాలుగు రోజులు నోరు విప్పలేదు.

గురువారం చాచా నన్ను చీకటి గదిలోకి పిలిచాడు. ద్రవ నైట్రోజన్‌లో మేం గడ్డకట్టించి దాచిన పాత ట్యూబులను ఒక్కొక్కటీ కరిగించి, రంగు వేసి చూస్తున్నాడట. "చూడు," అన్నాడు. చూశాను. కణాల గుండెకాయల్లాంటి కేంద్రకాలు నీలంగా పెద్దగా వెలుగుతున్నాయి. వాటి చుట్టూ రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు. అవి ఉండకూడదు.

"రిపోర్టు గూడ వచ్చింది," అన్నాడు చాచా. "మనిషి నోట్ల ఉండే రకమట. గీ ట్యూబు మీద తారీఖు చూడు బేటీ. గప్పటికి ఆ పిల్ల మన షెహర్ మొహం గూడ చూడలే."

ట్యూబు మీద అంకె తమ్ముడిది. చేతిరాత నాది. నేను తల ఎత్తలేదు. చాచా లైటు వేశాడు. మేడమ్ దగ్గరికి తనే వెళ్లి చెప్పేయొచ్చు. చెప్పలేదు. "రేపు జుమ్మా," అన్నాడు, "తప్పులు చెప్పే రోజు," అని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట నాకు వదిలేశాడని అర్థమైంది.

శుక్రవారం బల్ల దగ్గర లేచి నిలబడ్డాను. కొందరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు, నా తప్పులు వినడానికి సరదాగా ఉంటాయి కదా. చెప్పాను. మాస్కు గురించి, చాచా నమాజు వేళ గురించి, బర్రె గురించి, తమ్ముడు అడిగిన మాట గురించి. ఆ అమ్మాయి వైపు తిరిగి, నిన్ను అనుమానిస్తున్నారని తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పాను.

అందరికంటే ముందు మాట్లాడింది ఆ అమ్మాయే. "మందులతో క్లీన్ చేద్దాం మేడమ్. ట్రై చేద్దాం," అంది.

మేడమ్ తల అడ్డంగా ఊపారు. "దానికి వారాలు పడుతుందమ్మా. ఆ కణాలు ఇప్పటికే ముసలివైపోయాయి, అంత మందు తట్టుకోలేవు. ఈలోగా అది పెట్టెలో ఉంటే ఇంకెవరి కణాలూ పెట్టుకోలేం. మొత్తం తీసేయాలి." తర్వాత నా వైపు చూసి మెల్లగా అడిగారు. "మొదట్లో దాచిన ట్యూబులు రెండు ఉండాలి కదా? శుభ్రమైనవి?"

ఉండేవి. ఒకటి కెమిస్ట్రీవాళ్ల పనికి అయిపోయింది. రెండోది తమ్ముడు పోయిన నెలకు, ఏ ప్రయోగానికీ అవసరం లేకుండానే, వాడు ఇంకా ఎక్కువమంది కావాలని నేనే కరిగించి పెంచాను. ఆ తర్వాత దాచినవన్నీ నా నోటి కింద పెరిగినవే.

"మిగతా ముగ్గురి మొదటి ట్యూబులూ అయిపోయాయి. ఆ పిల్లల్ని మళ్లీ అడగొచ్చు," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి చిన్న ముక్క ఇస్తారు." అని ఆగిపోయాడు. ఆ పిల్లలకు నా వల్ల ఇంకోసారి ఆ లావుపాటి సూది. వాళ్లు ఇవ్వడానికి ఉన్నారు. మా వాడు లేడు.

ఆనవాయితీ ఆనవాయితీయే. మీఠా గిన్నె మొదట నా ముందుకు వచ్చింది. తెచ్చి పెట్టింది కేరళ అమ్మాయి. తిట్టినా బాగుండేది. రొట్టెముక్క పాకం పీల్చుకుని ఉబ్బి ఉంది, దాని మీద జీడిపప్పు పెట్టి ఉంది. నేను తినలేకపోయాను.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లాను. శుక్రవారం నేను రావడం చూసి బాపు మొహం విప్పారింది. "ఏంది బిడ్డా, ఆదివారం గాకుంటనే వచ్చినవ్? పోరడు మంచిగున్నడా?"

కొట్టం గుంజ పట్టుకుని నిలబడి అంతా చెప్పాను. రేపు పొద్దున తీసేస్తారని చెప్పాను. బాపు పురుగు అంటే ఏమిటని అడగలేదు. "మాట్లాడినందుకా?" అన్నాడు.

"మాట్లాడినందుకే బాపు."

బాపు చేతిలోని గడ్డిమోపు కింద పెట్టాడు. "నేనే నేర్పిస్తి గద," అన్నాడు.

తిడతాడని వెళ్లాను. కొట్టినా పడాలని వెళ్లాను. ఆ మాట అంటాడని మాత్రం అనుకోలేదు. కాదని ఎన్నో రకాలుగా చెప్పాను, అరిచాను కూడా, బాపు వినలేదు.

తెల్లవారి బాపు పొదుగు కింద బకెట్ పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ అనలేదు. వంకరకొమ్ము బర్రె వెనక్కి తిరిగి చూసింది. బాపు చేతులు ఆడిస్తున్నాడు, పాలు దిగడం లేదు. బర్రె కాలు మార్చి నిలబడి ఎదురుచూసింది. బాపు దాని పొట్టకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. వెనక నుంచి నేనన్నా "ఇయ్యమ్మా" అనాలి. నాకు నోరు రాలేదు. ఆ రోజు పాలకు గిన్నెలతో వచ్చినవాళ్లు ఖాళీ గిన్నెలతోనే తిరిగి వెళ్లారు.

పదింటికి క్యాంపస్‌కు వచ్చాను. మిగతా ఫ్లాస్కులన్నీ చాచా అప్పటికే ముగించి, తమ్ముడివి నాలుగు మాత్రం నా కోసం ఉంచాడు. "నీకు వద్దంటే నేను చేస్త," అన్నాడు. నేనే చేస్తానన్నాను. చేతులు కడుక్కున్నాను. తొడుగులు వేసుకున్నాను. మాస్కు ముక్కు మీద దాకా నొక్కి పెట్టుకున్నాను. ఏడాదిన్నరలో అంత పద్ధతిగా ఎప్పుడూ పెట్టుకోలేదు.

ఫ్లాస్కులు హుడ్‌లో వరుసగా పెట్టాను. బ్లీచ్ సీసా తెరిచాను. చాచా స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అంత నియమం మనిషి, తన మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మాస్కు తియ్ బేటీ," అన్నాడు. "ముచ్చట వెట్టుకో. ఇగ ఇప్పుడేం ఖరాబ్ గాదు."

తీశాను. చెప్పాలనుకున్నవి గౌలిపుర నుంచి దారంతా కూర్చుకుంటూ వచ్చాను. క్షమించమని అడగాలి. బాపు అన్న మాట చెప్పాలి. కేరళ అమ్మాయి మీఠా పెట్టిందని చెప్పాలి, వాడైతే నా గిన్నె కూడా లాక్కునేవాడు. పుట్టిన దగ్గర నుంచి ఆగని నోరు, ఎంతసేపు కూర్చున్నా ఒక్క మాట రాలేదు. మూడు ఫ్లాస్కులు మూగగానే అయిపోయాయి. నాలుగోదాని మూత తిప్పి, పక్కకు వంచి పట్టుకుని, ఎప్పుడూ మీడియం పోసినంత మెల్లగా, కణాల మీద నేరుగా పడకుండా గోడ వెంట బ్లీచ్ పోశాను. గులాబీ రంగు అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చింది. చెయ్యి ఆ పని ఎన్నోసార్లు చేసింది కదా, నోటికి కూడా అది అలవాటైన వేళే కదా, నేను అనుకోకుండానే, నన్ను అడగకుండానే, మాట బయటికి వచ్చేసింది.

"తాగు తమ్మీ, తాగు."